దొర కుషీ అంటే నేను ఖుషీ అనుకున్న

పదిహేను దినాల సంది చాయ్ కాడికి ఎందుకొస్తలేవని అడుగుతున్నరు కద. చెప్త, కూసోండ్రి. ఒక్క మాటకు "ఔ" అన్నందుకు నా నౌకరి పోయినంత పనైంది. నాదొక్కటే అయితే ఫికర్ లేకుండె. నాతోని మా హాషిం సాబ్ నౌకరి గుడ ఊడే కాడికొచ్చింది. ఇప్పుడు నవ్వొస్తుంది గని, అప్పుడు మాత్రం నవ్వు రాలే.

ఈ కొత్తాయనకు మా దఫ్తర్ సంగతి తెల్వదు గద, మొదటి సంది చెప్త. నాంపల్లి టేషన్‌కు జర ఇవతల మా సర్కారీ దఫ్తర్. అండ్ల వెనక దిక్కు ఒక పెద్ద కమ్ర, దాని నిండ పాత కాయిదాలు. ఎర్ర బట్టల కట్టిన మూటలు కప్పు దాక ఉంటయి. ఆ కమ్రల మేమిద్దరమే. హాషిం సాబ్ పెద్దాయన, నేను ఆయన కింద. నేను భువనగిరిల ఉర్దూల చదివి వచ్చినోణ్ణి. నా దస్తూరి చూసి పదేండ్ల కింద ఆయనే నన్ను పనిల పెట్టుకున్నడు. ఏ కాయిదం ఏ మూటల ఉందో ఆయనకు కండ్లు మూస్కున్నా తెలుస్తది.

పోలీసు యాక్షన్ అయినంక ఏమైందో మీకెర్కనే. దఫ్తర్లల్ల ఉర్దూ తగ్గింది, ఇంగ్లీషు వచ్చింది. మా కమ్రకు వచ్చి కాయిదం అడిగేటోళ్లు తగ్గిన్రు. కొత్తగ వచ్చినోళ్లకు అండ్ల ఏముందో తెల్వదు, చదవరాదు. పైకెళ్లి తఖ్ఫీఫ్ అని ఒక మాట మొదలైంది. అంటే ఎక్కువున్న నౌకర్లను తగ్గించుడు. ఎవరి ముఖం చూసినా అదే భయం.

గప్పుడు వచ్చిండు మా కొత్త సాబ్. రాఘవన్ సాబ్ అని, మద్రాసు దిక్కాయన. మనిషి మంచోడే, ఎవరి మీద గొంతు లేపడు. గని ఆయనకు ఉర్దూ ముక్క రాదు, తెలుగు ముక్క రాదు. ఇంగ్లీషు మాత్రం నల్లా తిప్పినట్టు వస్తది. నాకు ఇంగ్లీషు కాయిదం మీదుంటే కూడబలుక్కొని చదువుత. నోట్లకెళ్లి వస్తే మాత్రం సగం గాలికి పోతది.

ఒకనాడు మధ్యాహ్నం ఒంటిగంటప్పుడు సాబ్ మా కమ్రకొచ్చిండు. చేతుల చిన్న నోటుబుక్కు, పెన్సిల్. హాషిం సాబ్ నమాజుకు పోతనని అప్పుడే బయటికి పోయిండు. నేనొక్కణ్ణే ఉన్న. లేచి సలాం చేసిన. సాబ్ నలుదిక్కుల చూసిండు. మూటలు చూసిండు, ఖాళీగున్న మేజా చూసిండు. నా దిక్కు తిరిగి ఏందో పొడుగు మాట అన్నడు. నాకు ఆఖరుముక్క ఒక్కటే చెవుల పడ్డది.

"...ర్యాదర్ కుషీ, ఈజింటిట్?"

నేను ఖుషైపోయిన. పాపం మద్రాసు నుంచి వచ్చిన మనిషి, మన మాట నేర్చుకొని మరీ, ఖుషీగున్నరా అని అడుగుతున్నడు. ఇన్నేండ్లల్ల ఏ సాబ్ అడిగిండు మమ్మల్ని గట్ల?

"ఎస్ సర్," అన్న. "వెరీ ఖుషీ సర్. టెన్ ఇయర్స్ ఖుషీ."

సాబ్ కండ్లద్దాలు పైకి జరిపి నన్ను మంచిగ చూసిండు.

"అండ్ ది ఓల్డ్ జెంటిల్మన్?" అన్నడు.

"హీ ఆల్సో ఖుషీ సర్. హీ ఈజ్ మోర్ ఖుషీ దాన్ మీ."

సాబ్ పెన్సిల్ తీసి నోటుబుక్కుల రాసుకున్నడు. నేను మెడ సాపి చూసిన. సి, యు, ఎస్, ఎచ్, వై. ఓహో, ఇంగ్లీషోళ్లు ఖుషీని గిట్ల రాస్తరా అనుకున్న. ఖ అనే అక్షరం వాళ్ల దగ్గర లేదాయె, ఏం చేస్తరు పాపం. మనసుల గా అక్షరాలు జాగ్రత్తగ పెట్టుకున్న.

పోయేటప్పుడు సాబ్, "యు ఆర్ యాన్ ఆనెస్ట్ మ్యాన్," అన్నడు. అది మాత్రం నాకు పూరా సమజైంది.

ఆ సాయంత్రం ఇంటికి పోయి మా రాజమణికి చెప్పిన, సాబ్ నన్ను ఈమాన్‌దార్ అన్నడని. ఆమె బియ్యం ఏరుకుంట, "ఖుషీగున్నవా అని అడిగి ఊకున్నడా, ఇంక ఖుషీ చేస్తనన్నడా?" అన్నది. ఈమెకు ఎప్పుడూ అనుమానమే అనుకున్న.

గంతటితోని ఆగినా అయిపోతుండె. మూడో రోజు అందరికి హుకుం వచ్చింది. ఎవరి పని గురించి వాళ్లు రాసి ఇయ్యాలె అని. అందరు ఉర్దూల రాసి, ఇంగ్లీషు చేపిచ్చుకొని ఇస్తున్నరు. నాకేం పుట్టిందో తెల్వదు. సాబ్ మన మాట నేర్చుకున్నడు గద, మనం ఆయన మాటల రాసి ఇద్దామనుకున్న. హాషిం సాబ్‌కు చెప్పకుంట, ఆయన తరఫున గుడ నేనే రాసిన. ఇప్పుడు తల్చుకుంటే ఒళ్లు జలదరిస్తది గని, నా దస్తూరిల ముత్యాల లెక్క రాసిన ఆ ముక్కలు ఇంటరా?

"దిస్ పోస్ట్ ఈజ్ వెరీ కుషీ. మై సీనియర్ ఈజ్ మోర్ కుషీ. వుయ్ ఆర్ కుషీ ఫ్రం టెన్ టు ఫైవ్. ఆన్ సండే వుయ్ ఆర్ నాట్ సో కుషీ."

స్పెల్లింగు సాబ్ రాసినట్టే పెట్టిన. సి, యు, ఎస్, ఎచ్, వై.

నాలుగు దినాలైనంక దఫ్తర్ల టైపు చేసే సుశీలమ్మ మా కమ్ర తలుపు కాడ నిలబడ్డది. సికింద్రాబాద్ పిల్ల, అక్కడి మిషన్ బడిల చదివింది. దఫ్తర్ మొత్తంల ఇంగ్లీషు గడగడ మాట్లాడేది సాబ్ తర్వాత ఆమెనే. ఎప్పుడు నవ్వుకుంట వచ్చేది. ఆనాడు ముఖం తెల్లగైంది.

"నర్సింలన్నా, జర బయటికి రా," అన్నది.

వరండాల నిలబెట్టి అడిగింది. "నీకేమైందన్నా? నీ నౌకరి తీసేయమని నువ్వే రాసిచ్చినవేంది?"

"నేనెందుకు రాస్తనమ్మా?"

"ఇప్పుడే నా చేతులతో టైపు చేసి వచ్చిన. మీ కమ్రల రెండు పోస్టులూ రద్దు. సాబ్ సంతకం పెట్టుడే తక్కువ. కింద నీ మాటలే రాసిన్రు. ఈ పోస్టు కుషీ అని పనిచేసేటోళ్లే ఒప్పుకున్నరు అని."

"ఔ. ఖుషీగున్న. ఖుషీగుంటే నౌకరి తీసేస్తరా?"

సుశీలమ్మ రెండు చేతులతో తల పట్టుకున్నది. "అన్నా, కుషీ అంటే ఖుషీ కాదు. అది ఇంగ్లీషుల బజారు మాట. కుషీ జాబ్ అంటే ఆరాం నౌకరి. పని లేకుంట కూసొని తన్‌ఖా తీసుకునే నౌకరి."

గోడకు ఆనుకున్న. సాబ్ అడిగింది గుర్తుకొచ్చింది. ఇక్కడ పని ఏం లేదు గద అని అడిగిండు ఆయన. ఔ సాబ్, పదేండ్ల సంది ఏం లేదు, మా పెద్దాయనకు నాకంటె ఇంక లేదు అని చెప్పిన నేను. పొద్దుగాల పదింటి సంది అయిదింటి దాక పని లేదని రాసి గుడ ఇచ్చిన. నన్ను ఈమాన్‌దార్ అన్నడంటే అనడా మరి?

నా సంగతి పక్కకు పెట్టుండ్రి. హాషిం సాబ్‌కు పింఛన్‌కు ఇంక ఏడాది గుడ లేదు. ఇప్పుడు తీసేస్తే అదీ పోతది. నన్ను పనిల పెట్టిన మనిషి కడుపు మీద నేనే కొట్టినట్టైంది. ఆయనతోని చెప్పకుంట ఉండలేను, చెప్పనీకె నోరు రాదు. గంట సేపు మూటల మధ్య తిరిగిన. ఆఖరికి ఆయన ముంగట నిలబడి అంత చెప్పేసిన, చెప్పి తల దించుకున్న.

ఆయన కండ్లద్దాలు తీసి తుడ్సుకున్నడు. "నువ్వు అబద్ధం ఏం చెప్పలే బేటా," అన్నడు. "నేను ఖుషీగనే ఉన్న. నిన్ను అడిగిండు, నువ్వు చెప్పినవ్."

తిట్టినా బాగుండు. గా మాటకు నాకు కండ్లల్ల నీళ్లొచ్చినయి.

జరసేపటికి ఆయనే మల్ల, "ఆ మాట ఇంకొక్కసారి అను," అన్నడు.

"కుషీ."

"అర్థం వేరేది గావొచ్చు. గని ఆ గొంతు నాకు ఎర్కైన గొంతే. అది ఇంగ్లీషు మాట లెక్క లేదు. పద, చూద్దాం."

దఫ్తర్ బంద్ కాంగనే ఇద్దరం ఆబిడ్స్‌కు నడిచినం. అక్కడ ఇంగ్లీషు కితాబుల దుకాణం ఒకటుంది. దాని మాలిక్ ముసలాయన. ఒకప్పుడు తిరుమలగిరి లష్కర్ల గోరా ఫౌజుకు సామాన్లిచ్చే నౌకరి చేసిండు, మొదటి ప్రపంచ లడాయికి దేశం దాటి పోయి వచ్చిండు. హాషిం సాబ్ షేర్వానీ చూసి కుర్చీ వేసిండు. సంగతి చెప్తే, నవ్వకుంట ఉండనీకె మీసం కింద పెదవి కొరుక్కున్నడు. మెట్ల మీదికెళ్లి ఇటుక అంత లావు డిక్షనరీ తెచ్చి మా ముంగట పెట్టిండు.

సి కాడ తీసిండు. వేలు కిందికి జారింది, ఆగింది. ఇంగ్లీషు చిన్న అక్షరాలల్ల ఉంది. నేను కూడబలుక్కున్న. కుషీ. బజారు మాట. పని విషయంల తేలికైన, ఆరామైన. హిందుస్తానీ మాట ఖుష్ నుంచి వచ్చింది.

రెండుసార్లు చదివిన. మూడోసారి హాషిం సాబ్‌కు చెప్పుకుంట చదివిన.

"నేను చెప్పలే?" అన్నడాయన. "మన పోరడే. విలాయత్ పోయి ప్యాంటు తొడుక్కొని వచ్చిండు, మనల్ని గుర్తు పడ్తలేడు."

"అది ఎట్ల పోయిందో నాకు తెల్సు," అన్నడు దుకాణపాయన. "లష్కర్ల గోరాలు మనోళ్ల నోట్లకెళ్లి రోజూ వినేది. ఖుష్, ఖుషీ అని. ఫౌజుల గోరాకు ఖుషీ ఎప్పుడు? కవాతు లేనప్పుడు, పహరా లేనప్పుడు. ఆరాం డ్యూటీ పడితే కుషీ డ్యూటీ అనేటోళ్లు. లడాయిల నేను చూసిన. కాలికి గుండు తగిలి, సావకుంట ఇంటికి పోయేంత దెబ్బైతే, దాన్ని గుడ కుషీ దెబ్బ అనేటోళ్లు. పక్కనోళ్లు వాణ్ణి చూసి అసూయపడేది. వాళ్లతోని ఆ మాట విలాయత్‌కు పోయింది. ఇంత దూరం పోయినంక మాటకు అర్థం జర జారదా?"

డిక్షనరీ కొనే తాకత్ మాకు లేదు. ఆయనే అన్నడు, "ఒక్కరోజు తీస్కపోండ్రి. ఆకు మడవొద్దు." నా రుమాల్ల సుట్టుకొని, పసిపిల్లను ఎత్తుకున్నట్టు ఇంటికి తెచ్చిన. రాజమణి దాన్ని దేవుని పటం పక్కన పెట్టింది. పెట్టి అన్నది, "రేపు సాబ్ ముంగట నీ ఇంగ్లీషు తక్కువ మాట్లాడు, కితాబును ఎక్కువ మాట్లాడనియ్యి."

తెల్లారి సాబ్ కమ్రకు పోయినం. హాషిం సాబ్ గుండీలన్ని పెట్టుకొని నా పక్కన నిలబడ్డడు. సుశీలమ్మ నోట్స్ రాసుకునే సాకుతోని ముందే వచ్చి మూలకు కూసున్నది. మేజా మీద సంతకం కాని ఆర్డర్ ఉంది. దాని పక్కన నేను డిక్షనరీ తెరిచి పెట్టిన. రాజమణి చెప్పింది మర్చిపోయి మాట్లాడిన.

"సర్, దిస్ వర్డ్ ఈజ్ అవర్ వర్డ్. యువర్ కుషీ ఈజ్ నో వర్క్. మై ఖుషీ ఈజ్ హ్యాపీ. ఐ టోల్డ్ మై ఖుషీ, యు రోట్ యువర్ కుషీ."

సాబ్ వంగి చదివిండు. నా ముఖం చూసిండు, మల్ల చదివిండు. సుశీలమ్మ దిక్కు చూస్తే, ఆమె తల ఊపింది. సాబ్ చెవులు ఎర్రగైనయి. ఆయన నెమ్మదిగ హాషిం సాబ్ దిక్కు తిరిగి ఒక మాట అడిగిండు. సుశీలమ్మ మాకు చెప్పింది.

"పాత కాయిదాల మధ్య కూసునే మనిషికి అంత ఖుషీ ఎందుకు అని అడుగుతున్నరు."

హాషిం సాబ్ జర ఆలోచించి అన్నడు. "ఎవరో ఒకరు వచ్చి ఒక కాయిదం అడుగుతరు. నేను లేచి పోయి గదే కాయిదం తెచ్చి చేతుల పెడ్త. వాళ్ల ముఖం చూస్త. అదే నా ఖుషీ. మూడేండ్ల సంది ఎవరు అడుగుతలేరు. అయినా రేపు అడుగుతరేమోనని రోజు దుమ్ము దులిపి పెడ్త."

సుశీలమ్మ అది ఇంగ్లీషుల చెప్పినంక సాబ్ లేచి అల్మారి తెరిచిండు. ఒక ఎర్ర మూట తీసి మేజా మీద పెట్టిండు. కోఠి వెనక ఆడపిల్లల బడి ఒకటి కిరాయి కొంపల నడుస్తుందంట. వాళ్లకు జాగ ఇస్తమని పాత సర్కార్ మంజూరీ ఇచ్చిందని పంతులమ్మ ఏడాది సంది తిరుగుతుందంట. మంజూరీ ఉంటే ఈ మూటల ఉండాలె. గని అంత ఉర్దూ, అది గుడ గొలుసు రాత. ఎవరికీ చదవరాలే.

"మమ్మల్ని అడగలేదేంది సర్?" అన్న నేను. ఆ మాట తెలుగులనే వచ్చింది. సుశీలమ్మ దాన్ని జర మెత్తగ చేసి చెప్పింది.

హాషిం సాబ్ మూట విప్పిండు. నిలబడే, కాయిదాలు ఒక్కొక్కటి తిప్పుకుంట పోయిండు. నిండ పావుగంట కాలే. ఒక కాయిదం కాడ ఆగి గట్టిగ చదివిండు. నేను అర్థం చెప్పిన, సుశీలమ్మ ఇంగ్లీషు చేసింది. జాగ కొలతలు, హద్దులు, మంజూరీ, కింద మొహరు ముద్ర. అంత ఉంది. సాబ్ ఆ మొహరు మీద వేలు పెట్టి, బడి పంతులమ్మను పిలిపించమని అప్పుడే చప్రాసీకి చెప్పిండు. ఆమె మధ్యాహ్నం చెమట తుడ్సుకుంట వచ్చింది. సాబ్ ఆ కాయిదం హాషిం సాబ్ చేతికిచ్చి, మీరే ఇయ్యుండ్రి అని సైగ చేసిండు. ఆయన ఇచ్చిండు. ఆమె ముఖం చూసిండు. నేను ఆయన ముఖం చూసిన.

మా పోస్టులు రద్దు చేసే ఆర్డర్ మీద సాబ్ అడ్డంగ గీత కొట్టిండు.

ఇక్కడికి కథ అయిపోతే నేను బహదూర్ లెక్క చాయ్ తాగుతుంటి. కాలే. మొన్న సోమవారం దినం సాయంత్రం, పోయేముంగట చప్రాసీ వచ్చి నా చేతుల ఒక లిఫాఫా పెట్టిండు. విప్పిన. ఇంగ్లీషు. సుశీలమ్మ అప్పటికే ఇంటికి పోయింది, హాషిం సాబ్ ముందే పోయిండు. నేనే చదువుకున్న. మొదటి లైన్లనే ఉంది, నన్ను రికార్డు కమ్ర పని నుంచి రిలీవ్ చేసినమని. రిలీవ్ అనే మాట నాకు బాగ తెల్సు. తఖ్ఫీఫ్‌ల పోయినోళ్లందరి కాయిదాల మీద గదే మాట. ఇగ కింద చదివే ఓపిక లేకపాయె. మడిచి జేబుల పెట్టుకున్న.

ఇంటికి పోయి రాజమణికి చెప్పిన. ఆమె ఏడ్వలే. "మా తమ్మునికి ఉస్మాన్‌గంజ్‌ల మిర్చి దుకాణం ఉంది గద. తూకానికి మనిషి కావాలన్నడు. రేపటి సంది పో," అన్నది.

తెల్లారి పోయిన. ఆ మిర్చి ఘాటుకు నా కండ్లకెళ్లి, ముక్కుకెళ్లి ధార. తుమ్ములు ఆగుతలేవు. మధ్యాహ్నం ఎవరో భుజం మీద చెయ్యేసిన్రు. కండ్లు తుడ్సుకొని చూస్తే హాషిం సాబ్. మా ఇంటికి పోయి, రాజమణిని అడిగి, గాడికెళ్లి ఇక్కడికొచ్చిండు. దస్తీ ముక్కుకు అడ్డం పెట్టుకొని అడిగిండు, "నర్సింలూ, నువ్వు ఇక్కడేం చేస్తున్నవ్?"

"నన్ను తీసేసిన్రు ఉస్తాద్."

"ఎవరు? సాబ్ పొద్దుగాల సంది నీ కోసం చూస్తున్నడు. కాయిదం ఏది?"

జేబుల నుంచి తీసిచ్చిన. ఆయనకు ఇంగ్లీషు రాదు, గని సుశీలమ్మ నోట విని వచ్చిండు. రెండో లైన్ మీద వేలు పెట్టి నాతోనే చదివిచ్చిండు. రికార్డు కమ్ర పని నుంచి విడిపించి, మంగళవారం నుంచి నన్ను ఉర్దూ కాయిదాలకు ట్రాన్స్‌లేటర్‌గ వేసిన్రు. హాషిం సాబ్ పింఛన్ దాక నా పక్కనే, మూటలు విప్పి చదివి ఇయ్యనీకె.

దఫ్తర్‌కు పోయేసరికి మూడు గంటలు. కండ్లు ఎర్రగ, ఒళ్లంత మిర్చి వాసన. సాబ్ ముక్కు ముడుచుకొని, పొద్దుగాల ఎందుకు రాలేదో రాసియ్యమన్నడు. మల్ల ఇంగ్లీషు జోలికి పోను అనుకొని ఉర్దూల రాసి, దీన్ని జర ఇంగ్లీషు చేపియ్యుండ్రి అని హాషిం సాబ్ ముంగట పెట్టిన. ఆయన నా దిక్కు చూసి, "ఆ పని ఇవ్వాళ్టి సంది నీది బేటా," అన్నడు.

కూసొని చేసిన. సర్కారీ ట్రాన్స్‌లేటర్‌గ నేను ఇంగ్లీషు చేసిన మొట్టమొదటి కాయిదం అది. నన్ను ట్రాన్స్‌లేటర్‌గ వేసిన ఆర్డర్ నాకు అర్థం కాలేదు గనుక పనికి రాలేకపోయిన అని. సుశీలమ్మ మొదటి సంది ఆఖరి దాక చదివి, ఒక్క తప్పు గుడ లేదన్నది.